ఆనవాలు వేఱు, నిర్ణయము వేఱు

మనుష్యశరీరములోని జీవకణము మూగది కాదు. అది తన పని తాను చేసికొనుచునే, అనుక్షణము తన చుట్టునున్న ద్రవములోనికి కొన్ని పదార్థములను విడుచుచుండును. వానిలో ప్రోటీనులు, అనగా మాంసకృత్తులు, ముఖ్యమైనవి. ఆరోగ్యముతో నున్న కణము విడుచు మాంసకృత్తులు ఒక తీరున నుండును. రోగగ్రస్తమైన కణము విడుచునవి మఱియొక తీరున నుండును. ఈ భేదమును పట్టుకొనగలిగినచో, రోగము ముదిరి పైకి కనబడుటకు ముందే దాని జాడ తెలిసికొనవచ్చునని శాస్త్రజ్ఞులు ఆశించుచున్నారు. అందులకై వారు రోగకణములను ప్రయోగశాలలో పాత్రలయందు పెంచి, అవి విడుచు మాంసకృత్తులను ఏఱి, ఒక్కొక్కదాని పేరును పరిమాణమును నమోదు చేయుచున్నారు.

ఈ పరిశోధనను గూర్చిన వార్తలు విన్న జనులలో రెండు తెగలు కనబడుచున్నవి. ఒక తెగవారు, ఇక ఒక్క రక్తపుబొట్టుతో సకల వ్యాధులును తేటతెల్లమగునని నమ్మి, పరీక్షల కొఱకు ధనము వ్యయము చేయుచున్నారు. మఱియొక తెగవారు, గాజుపాత్రలో కణములు పెంచుట ధనవంతుల దేశముల వేడుక యనియు, మనవంటివారికి దానివలన ఒరుగునది లేదనియు తలచుచున్నారు. ఈ రెండు తలంపులును హానికరములే. ఈ పరిశోధన ప్రజాధనమునకు అన్ని విధముల అర్హమైనది. కాని అది యిచ్చునది రోగము యొక్క ఆనవాలు మాత్రమే, నిర్ణయము కాదు. ఈ రెండిటి నడుమ నున్న దూరమును ప్రజలకు వారి భాషలో తెలుపుట ప్రభుత్వమునకును, వైద్యులకును, నావంటి అనువాదకులకును విధ్యుక్తధర్మమని నా అభిప్రాయము.

కణము సరకును పంపు విధము

రైల్వే పట్టణమున నివసించువారికి ఈ విషయము సులభముగా బోధపడును. ఖరగ్‌పూరువంటి పెద్ద జంక్షనులో ఏ వ్యాగను ఎచ్చటికి పోవలసినదో దానికి తగిలించిన చీటీ తెలుపును. చీటీ లేని వ్యాగను యార్డులోనే నిలిచిపోవును. కణములోను ఇట్టి యేర్పాటే కలదు. మాంసకృత్తు తయారగునపుడు దాని మొదటి కొనయందు కొన్ని అమైనో ఆమ్లముల వరుస యుండును. అది చీటీవంటిది. దానిని గుర్తించి కణము ఆ మాంసకృత్తును లోపలి పొరల గొట్టములలోనికి పంపును. అచ్చట అది తగిన రీతిని మడతపడి, అవసరమైన తావుల చక్కెర అణువులను తగిలించుకొని, చిన్న చిన్న సంచులలో ప్రయాణించి, కణపు అంచును చేరి బయటపడును.

ఈ మార్గమును క్లోమగ్రంథి కణములయందు వివరముగా చూపిన జార్జి పలాడి 1974లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. చీటీ రహస్యమును కనిపెట్టిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో ఆ బహుమానము లభించెను. చీటీ లేకయే బయటికి పోవు మాంసకృత్తులును కొన్ని కలవు. అంతేగాక కణము చచ్చినపుడు దాని పొర తెగి, లోపలి సరకంతయు వెలికి కారును. పంపిన సరకు వేఱు, కారిన సరకు వేఱు. ఈ భేదమును మఱచినవాడు రోగపు ఆనవాలు వెదకబోయి శవపు ఆనవాలును పట్టుకొనును.

క్యాన్సరు కణము, అనగా మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధికి మూలమైన కణము, తనకు తగిన సరకునే పంపును. ఇరుగుపొరుగు కణముల నడుమనున్న గోడలను కరగించు ఎంజైములను అది విడుచును; రక్తనాళములను తనవైపునకు రప్పించుకొను సంకేతములను విడుచును. ఒక జాతి కణములు విడుచు మాంసకృత్తుల నన్నిటిని కలిపి శాస్త్రజ్ఞులు సీక్రిటోమ్ అని వ్యవహరించుచున్నారు. తెలుగున దానిని స్రావసముదాయము అనవచ్చును.

రక్తమున వెదకక పాత్రలో వెదకనేల?

ఎట్లును తుదకు రోగి రక్తమునో లాలాజలమునో పరీక్షింపవలసినదే గదా, నేరుగా రక్తముననే ఏల వెదకరాదు అని పాఠకులు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. రక్తము పుష్కరఘట్టమువంటిది. అందలి ద్రవభాగములో ఆల్బ్యుమిన్ అను ఒక్క మాంసకృత్తే మిల్లీలీటరునకు 35 మొదలు 50 మిల్లీగ్రాముల వఱకు ఉండును. కణములు ఒకదానికొకటి పంపుకొను సంకేత మాంసకృత్తులు కొన్ని అదే మిల్లీలీటరులో, మిల్లీగ్రామునందు నూఱుకోట్ల వంతులు ఏ కొన్నియో మాత్రమే యుండును. అనగా మొదటిది రెండవదానికన్న సుమారు వేయికోట్ల రెట్లు అధికము. అంతటి జనసమ్మర్దములో తప్పిపోయిన యొక పిల్లవానిని వెదకుట యెంత కష్టమో యోచింపుడు. అదే పిల్లవానిని వాని యింటి గుమ్మముకడ ముందుగా చూచి, ముఖము గుర్తుపెట్టుకొన్నచో, పిమ్మట సమ్మర్దమున పోల్చుకొనుట కొంత తేలిక. పాత్రలో పెంచిన కణముల స్రావమును ముందు పరీక్షించుటలోని యుక్తి ఇదియే.

శరీరము వెలుపల కణజాలమును బ్రతికించి చూచుట 1907లో రాస్ హారిసన్ కప్ప నాడీకణములతో చేసి చూపెను. 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జార్జి గే అను శాస్త్రజ్ఞుడు హెన్రియెట్టా ల్యాక్స్ అను నీగ్రో స్త్రీ గర్భాశయ ముఖద్వార క్యాన్సరునుండి తీసిన కణములను ఎడతెగక పెంచగలిగెను. ఖరగ్‌పూరు చెంత హిజ్లీలో సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైనదియు ఆ సంవత్సరమే. ఆ కణముల సంతతి నేటికిని ప్రపంచమందలి ప్రయోగశాలలలో పెరుగుచున్నది.

నేటి పద్ధతి యిట్టిది. కణములు పాత్రలో చక్కగా పెరిగిన పిమ్మట, వానిని పోషించుచున్న ద్రవమును తీసివైచి, కణములను కడిగి, సీరము లేని ద్రవములో సుమారు ఒక దినము ఉంచుదురు. సీరము ఆవుపిండముల రక్తమునుండి తీసినది గనుక, అది యున్నచో ఆవు మాంసకృత్తులలో మనుష్యకణము విడిచినవి మఱుగుపడిపోవును. ఆ దినము గడచిన పిదప ద్రవమును సేకరించి, చిక్కబఱచి, అందలి మాంసకృత్తులను ట్రిప్సిన్ అను ఎంజైముతో ముక్కలుగా ఖండించి, మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రముచేత ఒక్కొక్క ముక్కను తూచుదురు. ఆ తూనికలను మనుష్య మాంసకృత్తుల పట్టికతో సరిపోల్చగా పేర్లు తేలును. 2014లో ప్రకటితమైన మనుష్య ప్రోటీనుల పటములలో ఒకటి బెంగుళూరులోని శాస్త్రజ్ఞులును అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి తయారుచేసినదే. అందు 17,294 జన్యువుల మాంసకృత్తులకు సాక్ష్యము చూపబడినది. అంతకుముందే, 2013లో, బెంగుళూరువారు జీర్ణకోశ క్యాన్సరు కణముల స్రావసముదాయమును గూర్చిన పరిశోధనను ప్రకటించిరి. కావున ఇది పరదేశపు వేడుక యను మాట చెల్లదు.

ఐనను ఈ పద్ధతిలోని లోపములను దాచరాదు. సీరము లేక ఆకలితోనున్న కణము సహజముగా ప్రవర్తింపదు. కొన్ని కణములు చచ్చి లోపలి సరకును కార్చును. పాత్రలో పెరుగు కణమునకు శరీరమునందలి ఇరుగుపొరుగు లేదు. అన్నిటికంటె విచిత్రమైనది పేరు మార్పు: అనేక ప్రయోగశాలలలో వేఱువేఱు అవయవముల కణములని తలచి పెంచుచున్నవి నిజముగా హెన్రియెట్టా ల్యాక్స్ కణములే యని 1966లో స్టాన్లీ గార్ట్లర్ చూపెను. విత్తనము ఏదో తెలియక పంటను వర్ణించినట్లైనది. నేడు కణవంశముల గుర్తింపు పరీక్షలు కలవు; వానిని చేసి చూపనిదే ఫలితమును నమ్మరాదు.

ఒక తెలుగువాని ఔషధము

స్రావమాంసకృత్తును కొలుచుటవలన ప్రాణములు దక్కునా యనువారికి ఒక నిజమైన దృష్టాంతము కలదు. అందులో తెలుగువానికి పాలు కలదు.

1895లో భీమవరమున జన్మించి 1948లో న్యూయార్కున మరణించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతియై యుండెను. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. దానికి ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను ఔషధములును అచ్చటనే తయారైనవి. మావి కణములనుండి పుట్టు కోరియోకార్సినోమా అను క్యాన్సరు ఆ దినములలో స్త్రీలను శీఘ్రముగా హరించుచుండెను. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు మెథోట్రెక్సేటుచేత ఆ వ్యాధి లొంగినదని ప్రకటించిరి.

ఆ క్యాన్సరు కణములు మావి హార్మోనును విడుచును. గర్భనిర్ధారణ పరీక్షలో మూత్రమునందు వెదకునది ఈ హార్మోనునే. ఎక్స్‌రే చిత్రములలో గడ్డలు మాయమైన పిమ్మట గూడ కొందఱు రోగులలో హార్మోను మిగిలియుండుట లీ గమనించెను. కంటికి కనబడని కణములింకను బ్రతికియున్నవని నిశ్చయించి, ఆనవాలు పూర్తిగా అదృశ్యమగువఱకు ఔషధమును కొనసాగించెను. గడ్డ లేనిచోట విషతుల్యమైన ఔషధము నిచ్చుట తగదని పైవారు ఆక్షేపించిరి. ఆయన ఆ యుద్యోగమునుండి వైదొలగవలసివచ్చెను. తరువాతి కాలము ఆయన పక్షముననే తీర్పు చెప్పినది. 1972లో ఆయనకును హెర్ట్జ్‌నకును లాస్కర్ బహుమానము లభించినది. 1968లో రోలండ్ పటిల్లోయు, ముందు చెప్పిన జార్జి గేయు, ఈ క్యాన్సరు కణములను పాత్రలో పెంచి, అవి పాత్రలోను ఆ హార్మోనును విడుచుననుటకు సాక్ష్యము చూపిరి. కణము విడిచినది, రక్తమూత్రములలో కనబడినది, వైద్యమునకు దారి చూపినది: మూడును ఒకే రేఖయందు నిలిచిన అపురూపమైన ఉదాహరణ మిది.

మఱియొక కథ

అన్ని ఆనవాళ్లును ఇంత నమ్మకమైనవి కావు. 1981లో అమెరికాలోని బోస్టనులో రాబర్ట్ బాస్ట్, ఆయన సహచరులు పాత్రలో పెంచిన అండాశయ క్యాన్సరు కణములను ఎలుకలకు ఎక్కించి, వానినుండి ఒక ప్రతిరక్షకమును సంపాదించిరి. అది పట్టుకొను పదార్థమునకు సి.ఏ. 125 అని పేరు వచ్చినది. ఈ క్యాన్సరునకు చికిత్స పొందుచున్నవారిలో వ్యాధి తగ్గుచున్నదా, తిరుగబెట్టుచున్నదా యని కనిపెట్టుటకు ఆ పరీక్ష ఉపకరించుచున్నది. అంతవఱకు మేలే.

కాని ఆరోగ్యముగా నున్న స్త్రీలందఱికి ఆ పరీక్ష చేసినచో మరణములు తగ్గునా? బ్రిటనులో 2 లక్షలకు పైగా స్త్రీలతో దీర్ఘకాలము జరిగిన పరీక్ష ఫలితములు 2021లో ప్రకటితమైనవి. సి.ఏ. 125 ఆధారముగా ఏటేటా వెదకినను అండాశయ క్యాన్సరు మరణములు చెప్పుకోదగినట్లు తగ్గలేదు. అంతేగాక ఈ పదార్థము బహిష్టుకాలమునను, గర్భవతులలోను, కాలేయవ్యాధులలోను పెరుగును. మన దేశమున విరివిగా నున్న క్షయ కడుపునకు సోకినపుడును పెరుగును. క్షయకు మందు తిని బాగుపడవలసిన స్త్రీ, కాగితముపై నున్న అంకెను చూచి క్యాన్సరని కుమిలిపోవుట ఎంతటి యన్యాయము!

ఇందలి గణితమును పాఠకులు స్వయముగా వేసికొనవచ్చును. పదివేల మందిలో పదిమందికి ఒక రోగము కలదనుకొందము. ఒక పరీక్ష రోగులలో పదింట తొమ్మిదిమందిని పట్టుకొనును. రోగము లేనివారిలో నూటికి ఐదుగురిని మాత్రము పొరపాటున రోగులనును. వినుటకు మంచి పరీక్షయే. కాని రోగము లేని 9,990 మందిలో నూటికి ఐదుగురనగా సుమారు 500 మంది. నిజమైన రోగులు 9 మంది. మొత్తము 509 మందికి రోగమున్నదని కాగితము వచ్చును. వారిలో సుమారు 56 మందికి ఒక్కరే నిజమైన రోగి. తక్కినవారు నిద్రలేని రాత్రులను, అనవసరమైన కోతలను, అప్పులను పొందుదురు. ఇదే పరీక్షను రోగలక్షణములున్నవారికి మాత్రము చేసినచో లెక్క పూర్తిగా మాఱిపోవును. పరీక్ష మంచిచెడ్డలు ఆ పరీక్షయందే యుండవు. ఎవరికి, ఏ ప్రశ్నకొఱకు చేసితిమనుదానియందుండును.

ఖరగ్‌పూరు తెలుగువారికి ఇందు పనియేమి?

పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూరునకు వచ్చినది మొదలు శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి తెలుగువారు పనులకై ఇచ్చటికి తరలివచ్చిరి. సుభాష్‌పల్లి మొదలగు పేటలలో వారి మనుమలును మునిమనుమలును కలరు. వచ్చినవారు భాషను, పండుగలను, పచ్చళ్లను వెంట తెచ్చుకొనినట్లే కొన్ని యలవాట్లను గూడ తెచ్చుకొనిరి. వానిలో అడ్డపొగ యొకటి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చుటయే అడ్డపొగ. కోస్తా ఉత్తరభాగమున ఇది ముఖ్యముగా స్త్రీల యలవాటు.

కోస్తా ఆంధ్రమున అంగిలి క్యాన్సరునకు ఈ యలవాటునకు గల సంబంధమును రెడ్డి, రావు అను వైద్యులు 1957లోనే ప్రకటించిరి. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి, అడ్డపొగ త్రాగువారి అంగిళ్లపై కలుగు మార్పులను వివరించిరి. నేటి యువకులు చుట్టను విడిచిరి. కాని ఖైనీని, గుట్కాను, పోకచెక్క పొట్లములను పట్టిరి. పోకచెక్క ఒంటరిగనే క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. దానిని నమలువారిలో కొందఱికి బుగ్గలలోపలి చర్మము గట్టిపడి, నోరు తెఱుచుటయే కష్టమగును. ఈ పూర్వదశలను గూర్చిన పరిశోధన ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లోని వైద్యశాస్త్ర సాంకేతిక విభాగమునను జరిగినది. 2022 లెక్కల ప్రకారము మన దేశపు పురుషులలో అన్ని క్యాన్సరులకంటె అధికముగా కనబడునది నోటి క్యాన్సరే.

తాంబూలము నమలు అలవాటు గల తైవాను దేశమున ఈ దిశగా గట్టి కృషి జరిగినది. అచ్చటి శాస్త్రజ్ఞులు 2010లో 23 క్యాన్సరు కణవంశముల స్రావములను పరీక్షించి, రక్తములో వెదకదగిన మాంసకృత్తులను ఏఱి చూపిరి. 2016లో, నోటి క్యాన్సరు భయము అధికముగా గలవారి లాలాజలములో నాలుగు మాంసకృత్తులను కలిపి కొలిచి, రోగులను గుర్తించు విధమును ప్రకటించిరి. సూది గ్రుచ్చనక్కఱలేదు, ఉమ్మి చాలును. ఇట్టి పరీక్ష మన జనులలో నిలిచి గెలిచినచో ఎంత మేలు!

ఒక ఆక్షేపణము, దానికి సమాధానము

ఇచట ఒక గట్టి ఆక్షేపణ కలదు. నోరు కడుపువలె మూసినది కాదు. తెఱచిన కనబడును. టార్చిలైటును, శిక్షణ పొందిన కన్నును ఉన్న చాలును. కేరళలో తిరువనంతపురము జిల్లా పంచాయతీలలో ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పోయి నోళ్లను పరీక్షించిరి. 2005లో ప్రకటితమైన ఫలితములనుబట్టి, పొగాకుగాని మద్యముగాని అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణములు, పరీక్ష జరుగని ప్రాంతములతో పోల్చగా, 34 శాతము తక్కువ. అలవాట్లు లేనివారిని గూడ కలిపి చూచినపుడు భేదము స్పష్టముగా తేలలేదు. ఇంత చౌకయైన సాధనము చేతిలో నుండగా, పాత్రలలో కణములు పెంచి కోట్లు వెచ్చింపనేల?

ఈ ఆక్షేపణలో సగము సత్యము కలదు. ఆ సగమును నేను మనఃపూర్వకముగా ఒప్పుకొందును. నేడు మన పేటలోని మనిషికి నేడే కావలసినది టార్చిలైటు పరీక్షయే. ముప్పది యేండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించు కార్యక్రమమునకు కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మార్గసూత్రములను వెలువరించినది. నోటి పరీక్షను ఐదేండ్లకొకసారి చేయవలెనని అందున్నది. ఆ పని మానివైచి ప్రయోగశాలవైపు చూచుచు కూర్చుండుట అవివేకము.

కాని కన్ను చేయలేని పని యొకటి కలదు. నోటిలో తెల్లమచ్చ యున్నదని కన్ను చెప్పగలదు. ఆ మచ్చ రేపు క్యాన్సరగునా, కాదా యని చెప్పలేదు. తెల్లమచ్చలలో అధికభాగము ఎన్నటికిని క్యాన్సరు కావు. కొన్ని మాత్రమగును. ఆ కొన్ని ఏవి? వైద్యుడు ముక్క తీసి సూక్ష్మదర్శినితో చూచును. అప్పటికిని కొన్నిట సందేహము తీఱదు. పేదవాడు మాటిమాటికి కూలి పోగొట్టుకొని ఆసుపత్రికి రాలేడు. ముప్పుగల మచ్చను ముప్పులేని మచ్చనుండి విడదీయు ఆనవాలు దొరికినచో, నిజముగా అవసరమైన వానిని మాత్రము మరల మరల పిలువవచ్చును. మొక్కై వంగనిది మానై వంగునా? మొక్క యేదో, కలుపు ఏదో తెలియుటకే ఈ పరిశోధన కావలెను. టార్చిలైటు ముందు, స్రావపరీక్ష వెనుక: ఇది తగిన వరుస. రెండును పోటీదారులు కావు.

అంగీకారపత్రము ఏ భాషలో?

పరిశోధన జరుగవలెననుచున్నాము, మంచిదే. ఎవరి కణములతో జరుగవలెను? ప్రపంచమున వాడుకలోనున్న కణవంశములలో అధికభాగము పరదేశీయులనుండి వచ్చినవి. సిగరెట్టు త్రాగినవాని నాలుకనుండి తీసిన కణమును, నలువది యేండ్లు నిప్పును నోటిలో నుంచుకొన్న అవ్వ అంగిలినుండి తీసిన కణమును ఒకే సరకును పంపునని ముందుగానే అనుకొనరాదు. మన వ్యాధికి మన నమూనాలు కావలెను. అనగా మనవారిలో ఎవరో తమ మాంసపు తునకను, రక్తమును, ఉమ్మిని శాస్త్రమున కీయవలెను.

ఇచ్చువానికి తాను ఇచ్చుచున్నది ఏమో తెలియవలెను. హెన్రియెట్టా ల్యాక్స్ కణములను ఆమె యనుమతి లేకయే తీసికొనిరి. ఆమె కుటుంబమునకు చాలకాలము ఆ సంగతియే తెలియదు. లోకమునకు కలిగిన మేలు ఆ దోషమును మాపలేదు. భారత వైద్యపరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక సూత్రములు, పాల్గొనువానికి అర్థమగు భాషలోనే విషయమును వివరించి అంగీకారము పొందవలెనని చెప్పుచున్నవి. ఖరగ్‌పూరువంటి ఊళ్లలో ఈ నియమము ప్రత్యేకమైన పరీక్షకు గురియగును. ఆసుపత్రిలో మాట బంగాళీలోనో హిందీలోనో నడచును. కాగితము ఇంగ్లీషున నుండును. సంతకము చేయవలసిన అవ్వకు తెలుగు తప్ప మఱియొకటి రాదు. అట్టిచోట వేలిముద్ర అంగీకారము కాదు, సిరా మరక మాత్రమే.

అనువాదకుడను గనుక మాటల విషయమున ఒక మనవి చేయుదును. ఇంగ్లీషున మార్కరు అనుదానిని కొందఱు రోగనిర్ధారకము అని తెలుగు చేయుచున్నారు. ఆ మాట అంతటి బరువును మోయలేదు. అది ఆనవాలు, గుఱుతు, సూచకము. అడుగుజాడ చూచి దారిన ఎవరో నడచిరని చెప్పవచ్చును. నడచినవాడు దొంగయని చెప్పరాదు. అట్లే పాజిటివ్ అను మాట. అది మంచి వార్త యని సంతోషించువారు కలరు. మరణశాసనమని కూలబడువారును కలరు. ఈ పరీక్షలో ఆనవాలు కనబడినది, ఇంకొక పరీక్షచేత నిశ్చయింపవలెను, అని రెండు వాక్యములు తెలుగున వ్రాసి యిచ్చుటకు వ్యయమెంత? ఒక తెలుగు మాట తప్పుగా పడుటవలన ఒక కుటుంబము ఇల్లు తాకట్టు పెట్టగలదని, లేక రావలసిన రోగి రాక మానగలడని గుర్తుంచుకొని వ్రాయవలెను.

పాఠకులకు మనవి

కావున నా యభిప్రాయమిది. కణముల స్రావములను గూర్చిన పరిశోధనకు ప్రభుత్వము ధనమీయవలెను; ముఖ్యముగా నోటి క్యాన్సరువంటి మన వ్యాధులకీయవలెను. పాత్రలో దొరికిన పేరును రోగుల రక్తమునను లాలాజలమునను, వేఱువేఱు ఊళ్లలో, తగినంతమందిలో పరీక్షించి గెలిచిన పిమ్మటనే ప్రజల ముందుంచవలెను. అంగీకారపత్రమును, ఫలితపత్రమును రోగి భాషలో నీయవలెను.

పాఠకులు చేయదగిన పనులును కలవు. అద్దము ముందు నిలిచి వెలుతురున మీ నోటిని చూచుకొనుడు. తెల్లమచ్చగాని, ఎఱ్ఱమచ్చగాని, గడ్డగాని, రెండు వారములు దాటినను మానని పుండుగాని యున్నచో, నొప్పి లేకున్నను, వైద్యునకు చూపుడు. ఇంటిలో అడ్డపొగ త్రాగు పెద్దమ్మలను, అవ్వలను వెంటబెట్టుకొని పోవుడు. వారు తామై రారు. పొగాకును, పోకచెక్కను విడుచుట ఏ పరీక్షకంటెను మేలైన రక్ష. రోగలక్షణములు లేక, వైద్యుడు చెప్పక, క్యాన్సరు మార్కర్లని ప్రకటనలలో అమ్మజూపు రక్తపరీక్షలను కొనకుడు. పరీక్ష చేయుమని చెప్పినవారిని ఈ మూడు ప్రశ్నలడుగుడు: ఇది దేనికి ఆనవాలు? ఆనవాలు కనబడిన తరువాత చేయవలసినదేమి? కనబడకున్న రోగము లేదని నిశ్చయమేనా? సమాధానము చెప్పగలవారి కడనే పరీక్ష చేయించుకొనుడు. ఎవరైనను మీ నమూనాను పరిశోధనకు అడిగినచో భయపడి పారిపోకుడు, గ్రుడ్డిగా ఇచ్చివేయకుడు. తెలుగున చెప్పించుకొని, తెలిసికొని, ఇష్టమైనచో ఇండు. ఆ యిచ్చిన తునకవలన మీ మనుమరాలి కాలమునకైన, తెల్లమచ్చను చూచి ఇది నిలుచునది, ఇది ముదురునది యని చెప్పగల పరీక్ష సిద్ధము కావచ్చును.